శెనక్కాయల దేశంలో వారం రోజులు: ముందు డాక్టరు, తర్వాత టికెట్

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటాం. నేను, మావారు, తొమ్మిదేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప. మా నలుగురికీ బ్రిటిష్ పాస్‌పోర్టులున్నాయి. అత్తగారు, మామగారు సెప్టెంబరులో అనంతపురం నుంచి వచ్చారు. ఆవిడకు 63, ఆయనకు 68. చలికి ఇద్దరూ గుమ్మం దాటడం లేదు. 2027 ఫిబ్రవరి హాఫ్ టర్మ్ బడి సెలవుల్లో అందరం కలిసి పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాకు, కొలోలి అనే బీచ్ ఊరికి వెళ్దామనుకుంటున్నాం. బస, తిండి అన్నీ కలిపిన ఆల్ ఇన్‌క్లూజివ్ ప్యాకేజీ చవగ్గా వస్తోంది. 20న తిరిగొస్తాం, 23న అత్తమామలకు ఇండియా టికెట్లున్నాయి. మావారు ఈ వారమే బుక్ చేసేద్దామంటున్నారు. అత్తగారికి ఆఫ్రికా అంటేనే భయం, పైగా పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. మామగారు జీవితమంతా వేరుశనగ పండించిన రైతు, "సముద్రం ముందు వారం రోజులు కూర్చుని ఏం చెయ్యాలమ్మా" అంటున్నారు. బీచ్‌లో కుర్రాళ్ళు వెంటపడి వదలరని రివ్యూల్లో చదివి నాకూ టెన్షన్‌గా ఉంది. వెళ్ళమంటారా? (పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు)

సమాధానం:

వెళ్ళండమ్మా. మీ ఆరుగురిలో ఈ ప్రయాణం అందరికంటే ఎక్కువగా నచ్చేది మీ మామగారికే అని నా నమ్మకం. ఎందుకో కింద చెబుతాను. కానీ మీవారిని ఈ వారం బుక్ చెయ్యవద్దనండి. డబ్బు కట్టేముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. అవి మీ ఉత్తరంలోనే ఉన్నా మీ దృష్టికి రాలేదు. ఒకటి పెద్దవాళ్ళ వయసు, రెండోది ఆ 23వ తేదీ.

గాంబియా ఎల్లో ఫీవర్ ఉన్న దేశం. దోమ ద్వారా వచ్చే జబ్బు, మందు లేదు, టీకా ఒక్కటే రక్ష. మీకు, మీవారికి, పిల్లలకు ఇందులో పెద్ద ఆలోచన ఉండదు. ఇంగ్లండ్‌లో ఈ టీకా వేసే అనుమతి ఉన్న కేంద్రాలు వేరుగా ఉంటాయి, ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉచితంగా రాదు, సొంత డబ్బు పెట్టుకోవాలి. ఒకసారి వేయించుకుంటే సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, అయితే వేయించుకున్న పదో రోజు నుంచే. అరవై దాటిన వాళ్ళకు మాత్రం ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసే టీకా కాబట్టి, మొదటిసారి వేయించుకునేటప్పుడు తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చే అవకాశం మిగతావారికంటే ఎక్కువ. అరుదే, కానీ డాక్టరు కూర్చోబెట్టి వివరంగా మాట్లాడకుండా వెయ్యకూడనంత నిజం. అత్తమామలిద్దరూ ఆ గీత దాటినవాళ్ళే. వాళ్ళు వాడే మందుల చీటీలు, పాత రిపోర్టులు అన్నీ తీసుకుని ట్రావెల్ క్లినిక్‌కి వెళ్ళండి. ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి జబ్బు గానీ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు గానీ ఉంటే ఈ టీకా అసలు పనికిరాదు.

ఇంకో సంగతి అత్తగారికి మీరే చెప్పాలి. ఈ టీకాను కోడిగుడ్లలో పెంచిన వైరస్‌తో తయారు చేస్తారు. గుడ్డు ముట్టని మనిషికి ఇది చెప్పకుండా సూది వేయించడం నాకు తప్పుగా తోస్తుంది. వేయించుకోవాలా వద్దా అనేది ఆవిడ ఇష్టం. పైగా జన్మలో గుడ్డు తినని వారికి గుడ్డు పడదో లేదో తెలిసే దారి కూడా ఉండదు, ఆ మాట డాక్టరుకు కూడా చెప్పండి.

ఇప్పుడు 23వ తేదీ సంగతి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం వదిలిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగేవారిని టీకా సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే ఆరు రోజులు గడిచేదాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం ఎయిర్‌పోర్టు ఆరోగ్య అధికారులకు ఉంది. మధ్యలో ఇంగ్లండ్‌లో మూడు రోజులున్నారన్నది లెక్కలోకి రాదు, గాంబియా నుంచి బయలుదేరిన రోజు నుంచే లెక్క. అంటే మీ ప్లాన్ ప్రకారం, సర్టిఫికెట్ లేకపోతే ఆ పెద్దవాళ్ళిద్దరినీ ఇండియా ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు, వాళ్ళకోసం వచ్చినవాళ్ళు బయట ఎదురుచూస్తూ ఉంటారు. ఇండియా టికెట్లను మార్చి నెల మొదటి వారానికి జరపండి. టీకా వేయించుకున్నా సరే జరపండి. ఎందుకన్నది మలేరియా దగ్గర చెబుతాను. వాళ్ళ వీసా ఆరు నెలలు ఎప్పటికి పూర్తవుతుందో చూసుకునే జరపాలి సుమా.

డాక్టరు టీకా వద్దంటే? "ఏం కాదులే, దోమల క్రీమ్ రాసుకుంటే సరిపోతుంది" అని వాళ్ళను తీసుకెళ్ళవద్దని నా సలహా. అప్పుడు ఊరు మార్చండి. పశ్చిమ ఆఫ్రికా తీరానికి ఎదురుగా అట్లాంటిక్‌లో కేప్ వెర్డే దీవులున్నాయి. అందులో సాల్ దీవిలో సాంతా మరియా అనే బీచ్ ఊరికి ఇంగ్లండ్ నుంచి దాదాపు అంతే దూరం. ఎల్లో ఫీవర్ లేదు, 2024 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని మలేరియా లేని దేశంగా ప్రకటించింది. ఇసుక ఎక్కువ, పచ్చదనం తక్కువ, మామగారికి చూపించడానికి చేలుండవు. అయినా ఆరుగురూ నిశ్చింతగా వెళ్ళి రావచ్చు.

టీకా కుదిరి గాంబియాకే వెళ్తే, మలేరియాను చాలా గట్టిగా పట్టించుకోవాలి. అక్కడ ఉండేది ఎక్కువగా ఫాల్సిపారం రకం, మనిషిని రోజుల్లో ప్రమాదంలోకి నెట్టేది. వానలు పడే నెలల్లో, ఆ తర్వాత కొంతకాలం ఉద్ధృతంగా ఉంటుంది, ఫిబ్రవరికి తగ్గుతుంది గానీ పోదు. "మేం చిన్నప్పటి నుంచి దోమల మధ్యే పెరిగాం, మాకేం కాదు" అని మామగారు అంటారు. చాలామంది పెద్దలు అనే మాటే ఇది. ఇండియాలో పెరిగినంత మాత్రాన ఈ మలేరియా నుంచి రక్షణ ఏమీ ఉండదు. ఆరుగురూ మాత్రలు వేసుకోవలసిందే. అటోవాక్వోన్, ప్రొగువానిల్ కలిపిన మాత్రయితే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక ఇంకో ఏడు రోజులు వేసుకోవాలి. పిల్లలకు బరువును బట్టి మోతాదు ఉంటుంది. డాక్సీసైక్లిన్ చవక, కానీ తిరిగొచ్చాక నాలుగు వారాలు వేసుకోవాలి, పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వరు. ఇండియా టికెట్లను మార్చి నెల మొదటి వారానికి జరపమన్నది ఇందుకే. మొదటి రకం మాత్రల కోర్సు మీ కళ్ళముందే, మీ ఇంట్లోనే పూర్తవుతుంది. అనంతపురం వెళ్ళాక మాత్రలు వేసుకుంటున్నారో లేదో మీకు తెలియదు.

ఇంటికొచ్చాక నెలల తర్వాత జ్వరం వచ్చినా మలేరియా పరీక్ష చేయించాలి. "ఫిబ్రవరిలో గాంబియా వెళ్ళొచ్చారు" అని ఒక కాగితం మీద రాసి మామగారి మందుల డబ్బాలో పెట్టండి. ఊళ్ళో డాక్టరు వైరల్ ఫీవర్ అనుకుని రెండు రోజులు పోగొట్టకుండా ఆ కాగితం కాపాడుతుంది.

పిల్లల మందుల గురించి ఒక్క మాట, ఇది నా మనసులో బరువుగా ఉన్న మాట కూడా. 2022లో గాంబియాలో పసిపిల్లలు కిడ్నీలు దెబ్బతిని వరసగా చనిపోయారు. ఆ అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 66 మంది పిల్లల మరణాలకు ఇండియాలో తయారైన నాలుగు రకాల దగ్గు, జలుబు సిరప్‌లతో సంబంధం ఉండవచ్చని హెచ్చరించింది. ఆ కుటుంబాలు ఇంకా న్యాయం కోసం తిరుగుతూనే ఉన్నాయి. పారాసిటమాల్, ఓఆర్‌ఎస్, పాపకు అలవాటైన మందులు అన్నీ ఇంగ్లండ్ నుంచే పట్టుకెళ్ళండి. మీరు ఇండియన్లని తెలిసి అక్కడ ఎవరైనా ఆ ప్రస్తావన తెస్తే వాదనకు దిగవద్దు. విని, బాధగా ఉందని చెప్పండి. మాట్లాడేది బిడ్డను పోగొట్టుకున్న మనిషే కావచ్చు.

వీసా మీ నలుగురికీ అక్కర్లేదు. అత్తమామల ఇండియన్ పాస్‌పోర్టులకు ఏం కావాలో లండన్‌లోని గాంబియా హైకమిషన్‌ను అడిగి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఎయిర్‌లైన్ కౌంటర్‌లో ఆ కాగితం చూపించవలసి రావచ్చు. వాళ్ళ బ్రిటన్ వీసా మీద మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. ఇండియాలో కొన్న వాళ్ళ ట్రావెల్ ఇన్సూరెన్స్ ఇంగ్లండ్ వరకే వర్తిస్తుందేమో కూడా చదవండి. బీపీ, షుగర్ లాంటివి ఉంటే దాచకుండా రాసి, గాంబియాకు వర్తించేలా, అవసరమైతే విమానంలో తరలించే ఖర్చు కూడా వచ్చేలా వేరే పాలసీ తీసుకోండి.

ఇక ఊరి గురించి. గాంబియా ఒక నది, దానికి రెండు ఒడ్డులు, అంతే దేశం. ఎక్కడ చూసినా యాభై కిలోమీటర్ల వెడల్పు ఉండదు. మూడు వైపులా సెనెగల్, నాలుగో వైపు అట్లాంటిక్. 1965లో బ్రిటిష్ వాళ్ళ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది, అదే సంవత్సరం బెర్టిల్ హార్డింగ్ అనే స్వీడన్ ఆయన చలి నుంచి పారిపోవాలనుకునే తన దేశస్థులను అక్కడికి తీసుకురావడం మొదలుపెట్టాడు. మీరు ఎయిర్‌పోర్టు నుంచి వచ్చాక తిరిగే ప్రధాన రోడ్డుకు ఆయన పేరే పెట్టారు. ఆ రోజు నుంచి ఈ తీరం బతుకు విదేశీ విమానాల మీద ఆధారపడింది. 2014లో పశ్చిమ ఆఫ్రికాలోని వేరే దేశాల్లో ఎబోలా వస్తే, గాంబియాలో ఒక్క కేసు లేకపోయినా టూరిస్టులు రావడం మానేశారు. 2017 జనవరిలో ఎన్నికల్లో ఓడిన అధ్యక్షుడు యాహ్యా జామే దిగనంటే బ్రిటిష్ టూరిస్టులను హడావుడిగా వెనక్కి తీసుకెళ్ళారు. 2019 సెప్టెంబరులో థామస్ కుక్ కంపెనీ మూతపడింది, వెంటనే కోవిడ్. మీ వెంటపడతారేమోనని మీరు భయపడే ఆ కుర్రాళ్ళు ఈ దెబ్బలన్నీ తిన్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు.

వాళ్ళను అక్కడ బమ్‌స్టర్లు అంటారు. చదువుకుని ఉద్యోగం దొరకని వయసు పిల్లలు. పలకరిస్తారు, పక్కన నడుస్తారు, గైడ్‌గా ఉంటామంటారు, పక్షులు చూపిస్తామంటారు, చివరికి ఎంతో కొంత అడుగుతారు. మీద పడి హాని చేసేవాళ్ళు చాలా అరుదు, కానీ విసిగిస్తారన్నది నిజం. "నన్ను గుర్తుపట్టలేదా, మీ హోటల్లో తోటమాలిని" అంటారు. "మా పాపకు ఇవాళ పేరు పెడుతున్నాం, రండి" అంటారు. మనవాళ్ళు చేసే పొరపాటు మొహమాటంతో "తర్వాత చూద్దాం" అనడం. మన దగ్గర అది మర్యాదగా వద్దనడం, అక్కడ అది మాట ఇచ్చినట్టు. మర్నాడు హోటల్ గేటు దగ్గర నిలబడి ఉంటాడు. సలామ్ అంటే సలామ్ చెప్పండి, నవ్వండి, "నో, థ్యాంక్యూ" అని నడక ఆపకుండా సాగిపోండి. మొహం తిప్పుకుని పలకరించకుండా పోవడాన్ని మాత్రం అవమానంగా తీసుకుంటారు. పలకరింపు లేకుండా ఏ పనీ మొదలుకాని సమాజం అది. ఒకరిని కుదుర్చుకుంటే మిగతావాళ్ళు జరుగుతారు కాబట్టి మొదటి రోజే గుర్తింపు కార్డు, యూనిఫారం ఉన్న అధికారిక టూరిస్ట్ గైడ్‌ను ఒకరిని మాట్లాడుకోండి. హోటళ్ళ దగ్గరే ఉంటారు.

ప్యాకేజీ మార్చుకోండి. ఆల్ ఇన్‌క్లూజివ్ వద్దు. అత్తగారికి ఆ బఫేలో ఏడు రోజులూ బ్రెడ్, సలాడ్, చిప్స్ తప్ప ఏమీ దక్కదు. ముందే డబ్బు కట్టాం కదా అని మీరూ గేటు దాటరు. మనమే వండుకునే సెల్ఫ్ కేటరింగ్ ఫ్లాట్ గానీ, టిఫిన్ మాత్రం ఇచ్చే హోటల్ గానీ చూడండి. కొలోలిలో సెనెగాంబియా స్ట్రిప్ అనే వీధి అర్ధరాత్రి దాకా పాటలతో మోగుతుంది, పెద్దవాళ్ళకు నిద్ర పట్టదు. పక్కనే ఉన్న కోటు అనే ఊరు గానీ, ఫజారా గానీ మీకు బాగుంటుంది. మూడు పిన్నుల ఇంగ్లండ్ ప్లగ్గే అక్కడా, రైస్ కుక్కర్ నేరుగా పెట్టుకోవచ్చు. కరెంటు పోతూ ఉంటుంది, జనరేటర్ ఉందో లేదో అడిగి బుక్ చేయండి. ఫిబ్రవరిలో పగలు ఎండ, రాత్రి చల్లగాలి. సహారా నుంచి హర్మటాన్ అనే గాలి వీచిన రోజుల్లో ఆకాశమంతా సన్నని దుమ్ముతో నిండిపోతుంది. ఎవరికైనా ఆయాసం ఉంటే ఇన్‌హేలర్ చేతి సంచిలో ఉండాలి. ఇంగ్లండ్‌కూ అక్కడికీ చలికాలంలో టైమ్ ఒకటే కాబట్టి ప్రయాణపు బడలిక తప్ప నిద్ర తారుమారు కాదు.

అత్తగారి తిండి సంగతి మీరనుకున్నంత కష్టం కాదు, కానీ కిటుకు తెలియాలి. "మాంసం వద్దు" అంటే చేప వేస్తారు. "చేప వద్దు" అంటే ముక్కలు తీసేసి పులుసు పోస్తారు. కూరగాయల కూర అన్నదాంట్లోనూ ఎండు చేప గానీ, మాంసం రుచి ఇచ్చే జంబో, మ్యాగీ క్యూబులు గానీ ఉంటాయి. కాబట్టి మాంసం, చేప, రొయ్య, క్యూబ్ అని నాలుగు పేర్లూ చెప్పి వద్దనాలి, ముందురోజే చెబితే విడిగా వండి పెడతారు. దొమొదా అని శెనక్కాయల ముద్దతో చేసే చిక్కటి పులుసు ఉంది, గుమ్మడి, వంకాయ, క్యారెట్ వేసి చేయించుకుంటే అన్నంలోకి చాలా బాగుంటుంది. అకరా అని వీధిలో ఆడవాళ్ళు నూనెలో వేసి అమ్మేవి అచ్చంగా అలసంద వడలే, రుబ్బిన అలసంద పిండే, అల్లం ఉండదంతే. శెనక్కాయలు దంచి బియ్యంతో కాచే చూరా గెర్తే అనే జావ పాపకు నచ్చుతుంది. అన్నిటికంటే ముఖ్యం, గోంగూర! వొంజో పేరుతో ప్రతి కొట్లో అమ్మే ఎర్రటి చల్లని షర్బత్తు గోంగూర జాతి పువ్వు కింద ఉండే పుల్లటి ఎర్ర రేకలతో చేసిందే. ఆకును కుచా అంటారు, ఉడికించి మెదిపి అన్నం పక్కన పెడతారు. బజారులో పచ్చి ఆకు కట్టలుగా దొరుకుతుంది. అత్తగారిని ఒక పొద్దున బజారుకు తీసుకెళ్ళి ఆ కట్ట ఆవిడ చేతికివ్వండి. సాయంత్రం మీ ఫ్లాట్‌లో పచ్చడి తయారవుతుంది, ఆవిడ భయంలో సగం అక్కడే పోతుంది.

ఇప్పుడు మామగారు. 1830ల నుంచి ఈ దేశం ప్రపంచానికి అమ్ముకున్నది వేరుశనగే. నదికి రెండు వైపులా ఇసుక నేలలు, బోర్లు లేవు, వానాధారమే. తొలకరికి విత్తి, అక్టోబరు, నవంబరులో పీకుతారు. గాడిదతోనో గుర్రంతోనో గొర్రు లాగిస్తారు. తీగను ఎండబెట్టి పశువుల మేతకు దాస్తారు, బక్రీదుకు పెంచే పొట్టేళ్ళకు పట్నంలో అమ్ముతారు. వాన ఒక నెల మొహం చాటేస్తే ఆ ఏడాది అప్పే. అనంతపురం రైతుకు ఇందులో ఏ ముక్కా వివరించనక్కర్లేదు. పంట కొనే కేంద్రాలను సెక్కో అంటారు. ప్రతి ఏడాదీ సీజన్ మొదట్లో ప్రభుత్వం ధర ప్రకటిస్తుంది, ఆ ధర చాలదని రైతులు, డబ్బు ఆలస్యంగా ఇస్తున్నారని రైతులు, సరిహద్దు దాటి సెనెగల్‌లో అమ్ముకుంటే మేలని రైతులు. ఫిబ్రవరిలో మీరు వెళ్ళేసరికి కొనుగోళ్ళు చివరికి వస్తుంటాయి గానీ కాయల రాశులు ఇంకా కనిపిస్తాయి. గైడ్‌తో "బ్రికామా దాటి లోపలి పల్లెలో ఒక శెనక్కాయల రైతు ఇంటికి తీసుకెళ్ళు, మా మామగారు కూడా రైతే" అని చెప్పండి. టూరిస్టులు ఎవరూ అడగని కోరిక అది. ఉత్త చేతులతో వెళ్ళకుండా చక్కెర, గ్రీన్ టీ పొట్లాలు పట్టుకెళ్ళండి. ఆ ఇంటాయన గింజ ఒలిచి చూపిస్తాడు, మామగారు వేళ్ళ మధ్య నలిపి నూనె శాతం చెబుతారు, ఇద్దరికీ భాష అవసరం పడేది తక్కువ. ఇద్దరు రైతులు ధర గురించి మాట్లాడుకుంటుంటే మీవారు మధ్యలో ఇంగ్లీషు చేసి చెప్పాలి, అంతే పని.

పొద్దుటి నడకకు ఆయన్ను కోటు వాగు మీది వంతెన దగ్గరకు పంపండి. చిన్న దేశమైనా అయిదు వందల పైచిలుకు రకాల పక్షులు కనిపిస్తాయి. మన పాలపిట్ట జాతివే రెండు మూడు రకాలు తీగల మీద కూర్చుని ఉంటాయి. పక్షుల గైడ్లు ఆ వంతెన దగ్గరే ఉంటారు, ధర ముందు మాట్లాడుకోవాలి.

పిల్లలకు బిజిలో అడవి చాలు. సెనెగాంబియా స్ట్రిప్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. పచ్చని వెర్వెట్ కోతులు దారి మీదికే వస్తాయి, ఎర్ర కొలోబస్‌లు పై కొమ్మల్లో ఉంటాయి. గేటు దగ్గర కోతులకు పెట్టమని శెనక్కాయలు అమ్ముతారు, కొనవద్దు. తిండి అలవాటైన కోతి పాప చేతిలో సంచి లాక్కుంటుంది, కరిస్తే రేబిస్ టీకాల కోసం పరుగు. బకావులో కచికల్లి మొసళ్ళ కొలను ఉంది. అది జూ కాదు, బోజాంగ్ కుటుంబం తరతరాలుగా చూసుకుంటున్న పవిత్ర స్థలం, పిల్లల కోసం మొక్కుకునే ఆడవాళ్ళు ఆ నీటితో స్నానం చేస్తారు. అత్తగారికి ఆ భక్తి వెంటనే అర్థమవుతుంది. మొసలిని ముట్టుకోమని గైడ్ అంటాడు. పిల్లలను ముట్టుకోనివ్వకండి.

తాంజీ అనే చేపల రేవు సాయంత్రం చూడవలసిన చోటు. రంగురంగుల పొడవాటి పడవలు వస్తాయి, ఆడవాళ్ళు నడుములోతు నీళ్ళలోకి వెళ్ళి తట్టలు నెత్తికెత్తుకుని వస్తారు. చేపల వాసన, పొగ వాసన గట్టిగా ఉంటాయి, అత్తగారిని ఆ పూట హోటల్లో ఉండనివ్వండి. ఫొటో తీసేముందు మనుషులను అడగాలి. ఎయిర్‌పోర్టు, పోలీసు, సైన్యం, ప్రభుత్వ భవనాలు అసలు తీయకూడదు.

కుంటా కింటే దీవికి బాబును తీసుకెళ్ళాలా అన్నది మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. నది మధ్య చిన్న దీవి, 1651లో కట్టిన కోట శిథిలాలు, 1661లో ఇంగ్లీషు వాళ్ళ చేతికొచ్చింది. అక్కడి నుంచి మనుషులను బానిసలుగా ఓడలకెక్కించారు. 2003 నుంచి యునెస్కో వారసత్వ స్థలం, అంతకుముందు జేమ్స్ దీవి, 2011లో పేరు మార్చారు. ఇంగ్లండ్ బడిలో చదివే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి ఇది చూపించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. రోజంతా పట్టే పడవ ప్రయాణం, ఎండ, ఎక్కడం దిగడం కష్టం. మీవారు, బాబు ఇద్దరే వెళ్ళిరావడం మేలు. వెళ్ళేముందు ఇంట్లో కూర్చోబెట్టి కథ చెప్పండి, అక్కడికెళ్ళాక గైడ్ నోటి వెంట మొదటిసారి వినకూడదు. నది ఎగువన జంజన్‌బురే, వాసు రాతి వలయాలు చాలా దూరం, ఈసారికి వదిలేయండి.

సముద్రం అట్లాంటిక్, లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. ఎర్రజెండా ఉంటే మడమలు తడవడం కూడా వద్దు. పిల్లల ఈత హోటల్ కొలనులోనే. కొలోలిలో ఇసుక కోసుకుపోయిన చోట్ల ఆటు సమయంలోనే నడవడానికి వీలుంటుంది.

మీరు వెళ్ళే వారం రంజాన్ మాసం. 2027లో ఫిబ్రవరి రెండో వారం మొదట్లో మొదలవుతుంది. దేశంలో పదింట తొమ్మిది మందికి పైగా ముస్లింలు. టూరిస్టు హోటళ్ళు, రెస్టారెంట్లు తెరిచే ఉంటాయి, వీధి తిండి మాత్రం పగలు తగ్గుతుంది, సాయంత్రం ఉపవాసం విడిచే వేళ అకరాలు వేడివేడిగా దొరుకుతాయి. రైతు ఇంటికి పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి ఉపవాసం ఉన్న మనిషి అలిసిపోతాడు. వాళ్ళ ముందు నీళ్ళు, బిస్కెట్లు బయటికి తీయకండి, పాప ఒక్కదానికి ఎవరూ ఏమీ అనుకోరు. బీచ్ దాటాక భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు. అత్తగారి చీరకు మెచ్చుకోళ్ళు వస్తాయి. ఇవ్వడం, పుచ్చుకోవడం కుడిచేత్తోనే. రోడ్డు మీద పిల్లలు "మింటీ, మింటీ" అని చాక్లెట్లు అడుగుతారు, పంచకండి. బడి మానేసి టూరిస్టుల వెనక తిరగడం అలవాటవుతుంది. ఇవ్వాలనిపిస్తే నోటు పుస్తకాలు కొని గైడ్‌తో కలిసి బడికే వెళ్ళి హెడ్మాస్టరుకు ఇవ్వండి.

హోటల్ గేటు దగ్గర ఉండే ఆకుపచ్చ టాక్సీలు టూరిస్టులవి, రేటు బోర్డు మీద రాసి ఉంటుంది, ఎక్కువ. కొంచెం నడిస్తే పసుపు టాక్సీలు దొరుకుతాయి, బాగా చవక. అందులో "టౌన్ ట్రిప్" అంటే బండి మొత్తం మీకే అని, ధర ఎక్కకముందే తేల్చుకోవాలి. పౌండ్లు నగదుగా పట్టుకెళ్ళి లైసెన్సున్న చోట కొద్దికొద్దిగా మార్చుకోండి. పెద్ద నోటే 200 డలాసీలు, అంటే మహా అయితే రెండు మూడు పౌండ్లు, కాబట్టి కట్టలు కట్టలుగా వస్తాయి, అక్కడే నిలబడి లెక్కపెట్టుకోండి. ఎయిర్‌పోర్టులో దిగేటప్పుడు ఒకసారి, వెళ్ళేటప్పుడు ఒకసారి మనిషికి 20 డాలర్ల చొప్పున భద్రతా రుసుము అడుగుతారు, ఆరుగురికీ సరిపడా విడిగా కవర్లో పెట్టుకోండి. డలాసీలు దేశం దాటాక ఎక్కడా మారవు. మిగిలినవి చివరి రోజు బజారులో వేయించిన శెనక్కాయలకు ఖర్చుపెట్టేయండి, ఏ కాయ మంచిదో ఏరడానికి మామగారు ఉండనే ఉన్నారు.